మునగ అనుకొని కొట్టిన వేప

గుంటూరులో మేముండే కాలనీ పార్కులో ఆదివారం పొద్దున చెట్ల కొమ్మలు ఎలా కోయాలో నేర్పుతుంటాను. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఎండలు ముదిరే ముందు, తీగలకు తగులుతున్నాయనో, గోడ మీదికి వచ్చాయనో, ఆకు రాలి వాకిలి పాడవుతోందనో జనం చెట్లను నడుముకి నరికించేస్తుంటే, కాలనీ సంఘం వాళ్లు వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. అలా మొదలైంది. ఇళ్ల యజమానులు వస్తారు. మొక్కలు నాటే కుర్రవాళ్లు వస్తారు. చేతిరంపాలు పక్కన పెట్టుకుని, అందరినీ పార్కు గోడ పక్కనున్న కానుగ చెట్ల దగ్గర నిలబెడతాను.

చెప్పేది పెద్ద విద్యేమీ కాదు. కొమ్మ మానుకు అతుక్కున్న చోట ఉబ్బెత్తుగా, లావుపాటి మనిషి మెడ మీద ముడతలాగా ఒక పట్టు ఉంటుంది. దాన్ని కాలర్ అంటారు. గాయాన్ని చెట్టు మూసుకొచ్చేది అక్కణ్ణించే. కోత ఎప్పుడూ దానికి బయట, దాన్ని తాకకుండా పడాలి. బరువైన కొమ్మైతే ముందు కింది నుంచి ఒక గాటు పెట్టి, దానికి కాస్త ఎడంగా పైనుంచి కోసి, బరువు పడిపోయాక మిగిలిన మోడును కాలర్ దగ్గర తీసేయాలి. లేకపోతే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. కోసిన చోట రంగు, తారు, పేడ ఏదీ పూయకూడదు. ఏ నీడచెట్టుకీ తల నరకకూడదు.

ఇంతవరకూ వచ్చేసరికి ఒకరిద్దరు ఫోన్లు తీస్తారు. అప్పుడు నేను మా పెదనాన్న కథ అందుకునేవాణ్ణి.

మా ఊళ్లో మా పెదనాన్న మునగ కొట్టినట్టు వేపచెట్టును కొట్టాడండీ, అని మొదలుపెట్టేవాణ్ణి. నోట్లో చుట్ట పెట్టుకుని గొడ్డలితో చెట్టెక్కిన తీరు చేసి చూపించేవాణ్ణి. గుండు కొట్టిన చెట్టుకి జలుబు చేస్తుందని మోళ్ల మీద పేడముద్దలు పెట్టి, పైన కుండలు బోర్లించాడని చెబితే జనం నవ్వేవాళ్లు. ఏడాదికేడాది ఆ కథకు నేను కొత్త కొత్త విరుపులు చేర్చాను. వాళ్లు బాగా నవ్వాక గొంతు తగ్గించేవాణ్ణి. ఆ మోళ్ల నుంచి పుట్టిన చిగుళ్లే కొన్నేళ్లకు కొమ్మలయ్యాయి, లోపల మాను కుళ్లింది, ఒక గాలివానకి కొమ్మ ఊడి ఒక మనిషి ప్రాణం తీసింది, వేప మునగ కాదండీ, అని ముగించేవాణ్ణి. అందరూ నవ్వు ఆపి రంపాలు అందుకునేవాళ్లు. పాఠం చక్కగా ఎక్కింది కదా అని నేను సంతోషపడేవాణ్ణి.

ఈ చలికాలం చివర్లో ఒక ఆదివారం అలాగే చెప్పాను. ఆ రోజు జనం ఎక్కువగా వచ్చారు. నవ్వులు కూడా ఎక్కువే. అయిపోయాక వెనక సిమెంటు బల్ల మీద నుంచి శాలువా కప్పుకున్న ఒకావిడ లేచి వచ్చింది. దగ్గరికి వచ్చేదాకా గుర్తుపట్టలేదు. మా అక్క. పెదనాన్న కూతురు. ఊరికి అవతలి కొసన, అమరావతి రోడ్డు వైపు ఉంటుంది. మేం కలుసుకునేది పెళ్లిళ్లలోనే. ఎవరో ఫోన్లో పంపిన కబురు చూసి వచ్చిందట. నేర్పేది నేనని ఆమెకు తెలియదు.

"బాగా చెబుతున్నావురా," అంది.

నేను చేతిలో రంపం కింద పెట్టాను.

"కుండల సంగతి చెప్పావు, పేడ సంగతి చెప్పావు. ఎవరి కోసం కొట్టాడో చెప్పలేదేం?"

రంపాలు తిరిగి ఇస్తున్నవాళ్లు మా చుట్టూ ఉన్నారు. అక్క గొంతు పెంచలేదు. శాలువా సర్దుకుని, "ఆ ఒక మనిషికి పేరుంది కదరా. మా అమ్మేగా," అంది. ఆ మాటతో గేటు దాకా నడిచి ఆటో ఎక్కింది.

అందుకని ఇది రాస్తున్నాను. నా దగ్గర ఆ కథ విని నవ్వినవాళ్లకీ, మా ఊళ్లో ఇప్పటికీ ఇంకో రకంగా చెప్పుకునేవాళ్లకీ జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మాది వినుకొండ వైపు పల్లె. నల్లరేగడి. ఎటు చూసినా పత్తి, మిరప. పండుగ దాటాక మా ఊరి గాలికి వేరే వాసన ఉండేది. ఎండుతున్న మిరపకాయ ఘాటు ఊళ్లోకి అడుగుపెట్టక ముందే ముక్కుకు తగిలేది. బస్సు దిగిన చుట్టాలు అక్కడే తుమ్మడం మొదలుపెడితే, మేం పిల్లలం రోడ్డు పక్కన కూర్చుని ఎవరు ఎక్కువ తుమ్ముతారా అని పందెం వేసుకునేవాళ్లం. ఊరివాళ్లం మాత్రం తుమ్మేవాళ్లం కాదు. ఆ ఘాటు మా బట్టల్లో, దుప్పట్లలో, అన్నం తినే చేతుల్లో ఉండేది.

పెదనాన్న కళ్లం, మా కళ్లం పక్కపక్కనే. కళ్లం అంటే ఊరికే ఖాళీ నేల కాదు. గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, ఎడ్లను తిప్పి గట్టిచేసి, పేడతో అలికి తయారు చేసుకున్న జాగా. పండుకాయను ముందు కుప్ప పోసి మగ్గనిస్తారు, రంగు తిరిగాక పల్చగా ఎండలో పరుస్తారు. పొద్దున పరిచి, మధ్యాహ్నం తిరగేసి, సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పుతారు. రెండు కళ్లాల మధ్య హద్దు మీద, పెదనాన్న వైపు, ఒక వేపచెట్టు ఉండేది. ఇద్దరు మనుషులు చేతులు చాపితేగాని మాను అందేది కాదు. మా కళ్లానికి అది నైరుతి మూలన. మధ్యాహ్నం దాటిందంటే దాని నీడ మా కళ్లం మీదే పడేది. దక్షిణాన ఉన్న పెదనాన్న కళ్లం మీద ఏ పూటా పడేది కాదు. ఈ ఒక్క ముక్కా గుర్తు పెట్టుకోవాలి.

ఆ చెట్టు కింద పెద్దమ్మ సంసారం. కాయ ఎండినంత కాలం ఆమె ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ ఉండేది. నులకమంచం, నీళ్ల కుండ, మూడు రాళ్ల పొయ్యి. ఆమెకు ఆయాసం. మిరప ఘాటుకు ఆయాసం ఎక్కువవుతుందని ఇంటి దగ్గర ఉండమంటే, వేపగాలి కింద తనకు ఏమీ కాదనేది. కుప్పలోంచి మంచి పండుకాయ ఏరి, కొత్త చింతపండు, ఉప్పు వేసి రోట్లో దంచి, వేడి జొన్నన్నంలో కలిపి అక్కకీ నాకూ ముద్దలు పెట్టేది. కళ్లల్లో నీళ్లు కారుతున్నా ఎవరం చాలనేవాళ్లం కాదు. చాలంటే ఓడినట్టు.

అక్క నాకంటే కొంచెం పెద్దది. మిరపకాయ తిరగేసిన చేతులు పెదనాన్న తలగుడ్డకు తుడిచి, ఆయన నిద్ర లేచి ఆ గుడ్డతో మొహం తుడుచుకునేదాకా దాక్కుని చూడడం దాని ఆలోచనే. ఆయన మంచం మీద నుంచి లేచి గంతులు వేశాడు. మమ్మల్ని కళ్లం చుట్టూ తరిమాడు. పెద్దమ్మ నవ్వుతూనే మజ్జిగ తెచ్చి ఆయన మొహాన పోసింది. ఆ మజ్జిగ గడ్డంలోంచి కారుతుండగా, "నా కూతురుకి బుద్ధి లేదు సరే, నీ బుద్ధి ఏమైందిరా, మీ అమ్మ వైపు పోయిందా?" అని నన్ను అడిగాడు. పెదనాన్న మాట ఎప్పుడూ అంతే. పెద్దగా అరుస్తాడు, చెయ్యెత్తడు.

అప్పటికి నాన్నకీ పెదనాన్నకీ మాటల్లేవు. ఉమ్మడి బోరు మీద నీళ్ల వంతు దగ్గర వచ్చింది గొడవ. ఎవరి మోటారు ఎవరు ఆపారో ఇప్పుడు నాకు గుర్తులేదు. ఆడవాళ్లూ పిల్లలూ మామూలుగానే ఉండేవాళ్లు. అన్నదమ్ములిద్దరు మాత్రం ఎదురుపడితే చెరో పక్కకీ చూసేవాళ్లు. మాట చెప్పాల్సి వస్తే నేనే మోసేవాణ్ణి. నన్ను చూడగానే పెదనాన్న చుట్ట నోట్లోంచి తీసి, "ఏరా రాయబారీ, మీ నాన్న ఏమంటన్నాడు? సంధా, యుద్ధమా?" అనేవాడు.

ఆ ఏడు కాయ కుప్పల మీద ఉండగా అకాలపు వాన పడింది. పట్టాలు కప్పేలోపే తడిసింది. ఆ తరవాత మబ్బు వదల్లేదు. పొద్దున పూటంతా మసక. మధ్యాహ్నం దాటాక కాసేపు సూర్యుడు కనిపించేవాడు. ఆ కాసేపూ మా కళ్లం మీద వేపనీడ. కాయను ఇంకో చోటికి మారుద్దామంటే చుట్టూ రేగడి బురద, అడుగు పెడితే మడమ దిగేది. పెదనాన్న కాయకు ఆ మధ్యాహ్నపు ఎండ అందుతోంది. మాది రోజురోజుకీ మెత్తబడుతోంది. తెల్లబారి తాలు అవుతోంది. కొన్ని విరిస్తే లోపల గింజ నల్లగా, బూజు వాసన. అమ్మ ఆ కాయలు విరిచి చూసి, మూలకు వెళ్లి కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడు పత్తిని పురుగు తినేసింది. ఇంటికి మిగిలింది ఆ మిరపే.

నాన్న అడగలేదు. అడగడని అమ్మకి తెలుసు. నన్ను పిలిచి కళ్లంలోంచి గుప్పెడు కాయ నా చేతిలో పోసి, పెదనాన్న దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడమంది. అడిగితే చూపించు, అడక్కపోతే తిరిగొచ్చెయ్యి, అంది.

పెదనాన్న మంచం మీద ఉన్నాడు. పెద్దమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను నిలబడ్డాను.

"ఏందిరా అది?"

చెయ్యి చాపాను. ఆయన ఒక కాయ తీసుకుని వాసన చూశాడు. విరిచాడు. గింజలు అరచేతిలో రాల్చుకుని చాలాసేపు చూశాడు. తరవాత తల ఎత్తి చెట్టును చూశాడు.

"కొట్టమన్నాడా మీ నాన్న?"

"అన్లేదు. అమ్మ ఏడుస్తంది."

"మరి నువ్వెందుకొచ్చావు?"

అమ్మ అడగమనలేదు. నాన్న అడగలేదు. నేనే అన్నాను. "చెట్టు కొట్టు పెదనాన్నా," అన్నాను. నాకు అప్పుడు చెట్టంటే ఏమీ లేదు. అమ్మ ఏడుపు ఆగాలి, అంతే.

పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. వేప అమ్మవారి చెట్టని, పచ్చగా ఉన్నదాన్ని కొట్టకూడదని అంది. నాలుగు కొమ్మలు తీస్తే చాలదా అంది. నాలుగు కొమ్మలు తీస్తే నాలుగు కొమ్మల ఎండే వస్తుందని పెదనాన్న అన్నాడు. "మన దొడ్లో మునగను ఏటేటా తల కొట్టట్లా? కొట్టినాక ఎట్టా వస్తంది? అంతకంత వస్తంది. ఇదీ అంతే. వచ్చే ఎండాకాలానికి నీకు ఇంతకంటే నీడ తెస్తా చూడు."

ఆయన ఆ మాట నమ్మే అన్నాడు. మా వైపు ప్రతి ఇంటి దొడ్లోనూ మునగ ఉంటుంది. కాపు అయిపోగానే దాని తల కొట్టి, మోడు మీద పేడముద్ద పెడతారు. నెల తిరక్కుండా గుబురుగా చిగురిస్తుంది. చెట్టు కొట్టడమంటే మా వాళ్లందరికీ తెలిసింది అదొక్కటే. మునగ మెత్తటి చెట్టనీ, దాని కొమ్మలు ఏడాదికి మించి ఉంచరు కాబట్టి బరువెక్కి విరిగే లోపే మళ్లీ కొట్టేస్తారనీ ఎవరూ ఆలోచించలేదు. అడిగి ఉంటే ఊరు మొత్తం పెదనాన్న చెప్పిందే చెప్పి ఉండేది.

మర్నాడు పొద్దున్నే ఆయన గొడ్డలితో ఎక్కాడు. చుట్ట నోట్లోనే ఉంది, అది నిజమే. ఒక్కొక్క కొమ్మ పడుతుంటే నేల అదిరింది. పచ్చి వేపచేదు, మిరప ఘాటు కలిసి గొంతులో పట్టుకున్నాయి. ఊళ్లో మేకలన్నీ అక్కడే చేరాయి. అక్కా నేనూ పడిన కొమ్మల మీద ఎక్కి ఉయ్యాల ఊగాం. కొమ్మలన్నీ పోయి, మాను మీద చేతులు నరికినట్టు లావుపాటి మోళ్లు మిగిలాయి. మధ్యాహ్నం దాటింది. మబ్బు విడింది. మా కళ్లం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎండ పడింది. ఆ ఎరుపు మీద ఎండ పడితే కళ్లు చెదిరాయి.

నాన్న అటు కొస నుంచి వచ్చి నిలబడ్డాడు. పెదనాన్న ఇంకా చెట్టు మీదే ఉన్నాడు. ఇద్దరి మధ్యా పట్టుమని పది బారల దూరం లేదు.

"ఒరేయ్, మీ నాన్నకి ఎండ తగిలిందేమో అడుగు," అన్నాడు పెదనాన్న నాతో.

నేను నాన్న వైపు తిరిగాను.

"తగిలిందని చెప్పు," అన్నాడు నాన్న. అని వంగి కాయ తిరగేయడం మొదలుపెట్టాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

పేడ కలిపింది పెద్దమ్మే. అంతవరకూ వద్దన్న మనిషి, కొట్టాక మాత్రం చెట్టుకు నొప్పి అన్నట్టు చూసింది. రేగడి మట్టి, పేడ, పసుపు కలిపి ముద్దలు చేసి పైకి అందించింది. మళ్లీ వాన పడితే పేడ కరిగిపోతుందని పాత కుండలు కూడా ఆమే తెచ్చింది. ఆ కుండలు పెట్టడం పెదనాన్న పిచ్చితనం అని నేను ఇన్నేళ్లూ జనాన్ని నవ్వించాను. ఆ పేడ, ఆ కుండలు కలిసి మోళ్లలో తడి ఆరకుండా చేశాయని ఇప్పుడు నాకు తెలుసు. చెయ్యి పెట్టిన వాళ్లకు మాత్రం అది వైద్యం.

మా కాయ నిలబడింది. అంతా కాదు, ఇల్లు గడిచేంత. నాన్న ఆ మాట ఎక్కడా అనలేదు. అన్నదమ్ములు ఆ తరవాత కూడా వెంటనే మాట్లాడుకోలేదు.

ఎండాకాలం వచ్చేసరికి మోళ్ల చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వచ్చాయి. పెదనాన్న చెప్పినట్టే అయింది. ఊళ్లో ఒకరిద్దరు తమ వేపలకూ తల కొట్టించారు. మరో రెండేళ్లకు నీడ ఎప్పటిలాగే చిక్కబడింది. పెద్దమ్మ మంచం మళ్లీ దాని కిందికి చేరింది. ఆ కొత్త కొమ్మలు చెట్టు లోపలి నుంచి పుట్టినవి కావని, మోడు బెరడుకు పైపైన అతుక్కుని ఉన్నాయని, అవి లావెక్కుతున్న కొద్దీ కింద మాను డొల్ల అవుతోందని ఎవరికి తెలుస్తుంది? పైకి పచ్చగా ఉంది.

నేను నరసరావుపేటలో కాలేజీలో చదువుతున్న రోజుల్లో, ఒక వైశాఖంలో సాయంత్రం పూట గాలివాన లేచింది. కాయంతా అమ్ముడై కళ్లాలు ఖాళీగా ఉన్నాయి. చెట్టు కింద గేదె కట్టేసి ఉంది. పెద్దమ్మ దాని పలుపు విప్పడానికి వెళ్లింది. విప్పింది కూడా. గేదె ఇంటికి వచ్చింది. ఆమె రాలేదు.

కబురు వచ్చి నేను వెళ్లేసరికి కొమ్మను పక్కకి లాగేశారు. అది విరగలేదు. పన్ను ఊడినట్టు మొదలంటా ఊడి వచ్చింది. ఊడిన చోట మాను లోపల కట్టె నల్లగా, తడిసిన పిండిలా, చేత్తో గీరితే రాలేలా ఉంది. పెదనాన్న దానికి ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నాడు. వాన ఆగి ఎండ కాస్తోంది. ఎవరు లేపినా లేవలేదు.

అప్పుడే మొదలయింది ఆ మాట. అమ్మవారి చెట్టును కొట్టాడు, అమ్మవారు పెళ్లాన్ని తీసుకుపోయింది అని. ముందు ఆడవాళ్లు గుసగుసలాడారు. పెద్దకర్మ నాటికి మగవాళ్లు కూడా ఆయన ముందే అన్నారు. పచ్చని చెట్టు జోలి నీకెందుకయ్యా అని ఒక పెద్దమనిషి అడిగాడు. మా నాన్న అక్కడే ఉన్నాడు. అమ్మ ఉంది. నేను విస్తళ్లు వేస్తున్నాను. పెదనాన్న తల ఎత్తకుండా, "నా కళ్లం మీద నీడ పడతంటే కొట్టా. నా బుద్ధి గడ్డి తింది," అన్నాడు.

ఆయన కళ్లం మీద ఏనాడూ నీడ పడలేదు. ఆ ముక్క అక్కడున్న వాళ్లలో మా ముగ్గురికీ, అక్కకీ తెలుసు. నాన్న చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్లాడు. అక్క మా వైపు చూసింది. నేను విస్తరి మీద నీళ్లు చల్లుతూ ముందుకు వెళ్లిపోయాను.

పెదనాన్న ఆ చెట్టును మొదలుకి కొట్టించేశాడు. ఆ తరవాత ఆయన ఏ చెట్టు కిందా కూర్చోగా నేను చూడలేదు. మిట్టమధ్యాహ్నం కూడా కళ్లంలో ఎండలోనే తలగుడ్డ కప్పుకుని కూర్చునేవాడు. ఊళ్లో వాళ్లు చెప్పింది ఆయన కూడా నమ్మాడు. పోలేరమ్మకు ఏటా పొంగలి పెట్టించి, గుడి బయటే నిలబడేవాడు, లోపలికి పోయేవాడు కాదు. నాన్నతో చివర్లో మాటలు కలిశాయి. కానీ ఇద్దరూ వాన గురించి, రేట్ల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ చెట్టు మాట ఎత్తేవాళ్లు కాదు. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. ఊళ్లో ఆ కథ మాత్రం ఉంది. అమ్మవారికి కోపం తెప్పించినవాడి కథ. పట్నంలో ఇంకోటి నేను తయారు చేశాను. చెట్టుకి కుండలు పెట్టినవాడి కథ. రెండింటిలోనూ మా మిరపకాయ లేదు.

అక్క పార్కుకు వచ్చి వెళ్లిన తరవాతి వారం వాళ్లింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చింది. పెరట్లో వేపచెట్టు ఉంది. ఒక కొమ్మ వంటింటి రేకుల మీదికి వంగింది. గాలి వచ్చిన రోజు ఇంట్లో ఎవరినీ వంటింట్లోకి వెళ్లనివ్వదట. కొట్టిద్దామని మనుషుల్ని పిలిస్తే, వాళ్లు గొడ్డలి తీయగానే వద్దని పంపేసేదట. అందుకే నేర్చుకుందామని పార్కుకు వచ్చింది.

నిచ్చెన వేసి, కొమ్మకు తాడు కట్టి, రెండో కొసను అక్క అల్లుడి చేతికి ఇచ్చాను. కోత ఎక్కడ పడాలో అక్కకు చూపించాను. ఆమె నిచ్చెన రెండు మెట్లు ఎక్కి, కొమ్మ మొదట్లో ఉబ్బిన ఆ పట్టు మీద వేళ్లు పెట్టి తడిమింది.

"నాన్న ఇట్టా కోసుంటే అమ్మ బతికేదిరా?"

"బతికేదక్కా."

"మరి మీ కాయ?"

ఏదో ఒకటి చెప్పి దాటేయాలనిపించింది. చెప్పలేదు. ఇలా కోస్తే ఏడాదికి కొన్ని కొమ్మలే తీయగలం. ఆ నీడ ఆ ఏడు తగ్గేది కాదు.

"పోయేది," అన్నాను.

అక్క వేళ్లు ఇంకా కొమ్మ మీదే ఉన్నాయి. "అయితే తెలిసినా అట్టానే కొట్టేవాడు," అంది. "మీ కాయ పోతంటే చూస్తా కూర్చునే మనిషి కాదు మా నాన్న." నిచ్చెన దిగి పక్కకు జరిగింది. "ఇక కొయ్యి."

కింది నుంచి గాటు పెట్టి, పైనుంచి కోశాను. కొమ్మ తాడు మీద మెల్లగా దిగింది. అక్క గోడ వైపు తిరిగి నిలబడింది, అది నేలకు తగిలేదాకా ఇటు చూడలేదు.

ఆ తరవాతి ఆదివారం పార్కులో మళ్లీ మా పెదనాన్న సంగతి చెప్పాను. ఆయన కళ్లం మీద నీడ లేదని చెప్పాను. కొట్టమని అడిగింది నేనని చెప్పాను. పోయింది మా పెద్దమ్మ అని చెప్పాను. ఊరు ఆయన్ని ఏమందో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక పెద్దాయన, రిటైరైన మాస్టారట, చెయ్యెత్తి అడిగాడు.

"ఊళ్లో ఆయన్ని అట్లా అనుకుంటుంటే, మీ నాన్నగారు ఎప్పుడూ నిజం చెప్పలేదాండీ?"

"లేదండి," అన్నాను. "నేను కూడా పెదనాన్న పోయాకే చెబుతున్నాను."

ఆయన తల ఊపి, నా చేతిలోంచి రంపం తీసుకున్నాడు.